పొట్టేలు బొమ్మ

గద్వాలలో కంప్యూటర్లు అప్పుడప్పుడే కనిపిస్తున్న ఆ కాలంలో, వాటి ముందు కూర్చున్న మనిషికి సమస్త విద్యలూ వచ్చేసినట్టే లెక్క. ఆ గౌరవం కొన్నాళ్లు నేనూ అనుభవించాను. ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టే పని తప్పించుకోవాలని మూడు నెలలు తెలుగు టైపింగ్ నేర్చుకుని, బస్టాండు దగ్గర బ్యానర్లు చేసే దుకాణానికి వెళ్లాను. ఓనర్ సారు తన పెద్ద మీసం వెనక నుంచి "బొమ్మలు గీయొస్తదా?" అన్నాడు. "వస్తది సార్" అన్నాను. (నోరు నన్ను అడక్కుండానే అనేసింది.)

రెండు వారాలు పెళ్లి కార్డులు టైపు చేసుకుంటూ నెట్టుకొచ్చాను. సారు మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. ఆయన నా వెనక నిలబడితే వేళ్లు తడబడి వధువు పేరు వరుడికి పడేది.

ఒకరోజు పొద్దున్నే ఇటిక్యాల వైపు నుంచి గొర్రెలు కాసుకునే తాత ఒకాయన వచ్చాడు. వాళ్ల ఊళ్లో మంచి పొట్టేలును ఎంచి బహుమతి ఇస్తారట, బ్యానర్ మీద పొట్టేలు బొమ్మ కావాలన్నాడు. "నీ పొట్టేలునే ఫోటో తీద్దాం తాతా" అన్నాను ఆశగా.

"వద్దు బిడ్డా, దిష్టి తగుల్తది. నువ్వే గీయి. కొమ్ములు రెండు సుట్లు తిరగాలె."

సారు నా వైపు ఒక చూపు చూసి, "మా పాప గీస్తది, మాపటికి రా" అని తాతతో చెప్పి, కర్నూలులో పనుందంటూ బస్సెక్కి వెళ్లిపోయాడు.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తెరిచాను. నాకు తెలిసిందల్లా గుండ్రాలూ చతురస్రాలూ గీయడం. ఒక పెద్ద కోడిగుడ్డు ఆకారం పొట్ట అయింది, చిన్నది తల, నాలుగు నిలువు పట్టీలు కాళ్లు. అన్నింటినీ కలిపి అతికించబోతే కాళ్లు మాయమయ్యాయి. కాళ్లను వెనక్కి తెచ్చుకుంటే తల పోయింది. గీత మీద కనిపించే చుక్కను పట్టి లాగితే ముక్కు సాగి సాగి తెర దాటిపోయింది. ఎలాగో అన్నీ ఒక చోటికి చేర్చేసరికి కరెంటు పోయింది. (సేవ్ చేయాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.) పారిపోదామని చెప్పులు కూడా వేసుకున్నాను. దుకాణం గాలికి వదిలేసిన నేరం కూడా మీద పడుతుందని భయమేసి, మళ్లీ వచ్చి కూర్చుని, కరెంటు రాగానే మొదటి నుంచి గీశాను. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయలేదు.

సాయంత్రం తాత వచ్చి తెర వైపు చాలాసేపు చూశాడు.

"ఏందిది బిడ్డా?"

"పొట్టేలు తాతా."

"పొట్టేలెట్లయితది? ఇది సూడి గొర్రె. రెండు మూడు దినాలల్ల ఈనుతది."

ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు గీయరాదు తాతా. సార్‌కు చెప్పకు, ఉద్యోగం పోతది" అన్నాను.

తాత కంగారుపడి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. "జర ఊకో. ముందుగాల కడుపు లోపలికి నూకు. ఈపు సాపుగ చెయ్యి. రొమ్ము బయటికి రావాలె." ఆయన వేలు తెర మీద వెళ్లిన దారినే చుక్కలను ఒక్కొక్కటిగా జరిపాను. కొమ్ము ఎలా తిరగాలో నాకు అర్థం కాకపోతే తలగుడ్డ విప్పి, మెలిపెట్టి, చుట్టి చూపించాడు. చూస్తుండగానే తెర మీద పొట్టేలు నిలబడింది. సంతోషంగా వెనక్కి తిరిగితే సారు! ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు.

"నీ పిల్ల మంచిగ గీసింది సేటూ. నేను ఊకె కూసున్న" అని తాత తలగుడ్డ చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

"నీకు రాదని నాకు మొదటి దినమే తెల్సు" అన్నాడు సారు.

"మరి ఎందుకు పెట్టుకున్నరు సార్?"

ఆయన వీధిలోకి చూస్తూ గొంతు తగ్గించాడు. "నాకు గూడ రాదు, నిన్నెట్ల వద్దంట? ఎవరన్న బొమ్మ అడిగితె నాకు కర్నూలుల పని పడ్తది."

మర్నాడు తలుపు దగ్గరగా వేసి ఇద్దరం కోడిని గీయడం మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి అది బాతు అయింది. సారు దాన్ని అటూ ఇటూ తలవంచి చూసి, "బాతు అడిగెటోళ్లు గూడ వస్తరు, దాచిపెట్టు" అన్నాడు. ఆ దుకాణంలో నేను గట్టిగా నవ్వింది అదే మొదటిసారి. ఇప్పుడు ఏ జంతువునైనా చిటికెలో గీసేస్తాను. అయినా ఒక పొట్టేలు కోసం రోజంతా వణికి, ఒక బాతును చూసి కడుపుబ్బ నవ్విన ఆ పిల్లంటే నాకు కొంచెం అసూయే.