మా మేనత్త సినిమా చూసే తీరు

పోయిన శుక్రవారం పొద్దున దీపం పెడుతుంటే చిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. నిద్రలనే." మళ్లీ దీపం ముందు కూర్చున్నాను. రోజూ చెప్పుకునే పేర్లలో ఆమె పేరు ఎప్పటిలాగే చెప్పుకుని, కష్టపెట్టకుండా తీసుకుపోయినందుకు దండం పెట్టాను.

నాన్నకు ఒక్కతే చెల్లెలు. కాశిబుగ్గలో ఉండేది. మామయ్య ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మేమే ఆమె పిల్లలం.

ఆమెతో సినిమాకు పోవడం ఎలా ఉండేదో మీకు చెప్పాలి. తెర మీది మనుషులు ఆమెకు చుట్టాలు. అందులో కోడలు అన్నం తినకుండా పడుకుంటే, "లే బిడ్డా, కడుపు మాడ్చుకుంటె ఎవలకు లాభం?" అని కుర్చీలోంచే లేపేది. ముందు వరసవాళ్లు తిరిగి చూస్తే వాళ్ల చేతిలో ఇన్ని పల్లీలు పోసేది.

నాన్న పోయినప్పుడు దవాఖాన నుంచి దినాల దాకా పెద్ద తమ్ముడే అన్నీ చేశాడు. చిన్నవాడు లేస్తే, "నువ్వు కూసో తమ్మీ, నేను చూసుకుంట" అనేవాడు. ప్రేమతోనే. చిన్నవాడికి చేయడానికి ఏదీ మిగల్లేదు. ఆ తర్వాత ఒకే స్టీలు సామాన్ల దుకాణంలో, ఒకరి మొహం ఒకరు చూడకుండా గడిపారు. జగడం లేదు. మాటా లేదు. ఒకరోజు చిన్నవాడు, "అక్కా, నేను వేరే దుకాణం పెట్టుకుంట" అన్నాడు. దేవుడికి చెప్పుకున్నాను. అత్తకూ చెప్పాను.

ఆ ఆదివారమే ఆమె వచ్చి, "లేవుండ్రి, సినిమాకు పోదాం" అంది.

"ఏడాది గాకముందే సినిమా ఏందత్తా?" అన్నాడు పెద్దవాడు.

"మీ నాయిన నాకు అన్న. ఆయన ఏమంటడో నాకు ఎర్క లేదా?"

తండ్రి పోయిన అన్నదమ్ముల కథ అది. అత్త ముందే ఒకసారి చూసి వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. ఇద్దరి నడుమ కూర్చుంది. తెర మీద అన్న పనులన్నీ నెత్తినేసుకుని తిరుగుతున్నాడు, తమ్ముడు గోడకు ఆనుకుని చూస్తున్నాడు. అత్త ఊరుకోలేదు.

"ఓ పెద్దోడా! దుఃఖం గూడ నువ్వొక్కనివే మోస్తె, చిన్నోనికి ఏం మిగిల్చినవురా?"

వెనక నుంచి ఎవరో, "అమ్మా, జర మెల్లగ" అన్నారు.

"నీకు గాదు బిడ్డా, వానికి చెప్తున్న!"

హాలంతా నవ్వింది. చిన్నవాడూ నవ్వాడు. నవ్వు ఆగేసరికి ఏడుస్తున్నాడు. పెద్దవాడు అత్త ఒడి మీదుగా చేయి చాపి తమ్ముడి మోకాలు పట్టుకున్నాడు.

ఇంటర్వెల్‌లో అడిగాడు. "సమోస తింటవా తమ్మీ?"

"నువ్వు కూసో. నేను తెస్త."

సినిమా అయ్యాక ఇద్దరూ నాన్న గురించి మాట్లాడుకుంటూ ఒకే బండెక్కి వెళ్లిపోయారు. మేమిద్దరం గేటు దగ్గర మిగిలాం.

"మనల్ని మరిచిపోయిండ్రు సూడు బిడ్డా! మంచిగైంది" అని నవ్వుకుంటూ ఆటోను పిలిచింది.

మొన్న ఆమెను సాగనంపేటప్పుడు నాకు ఒకటే బుగులు, మళ్లీ ఎవరి దుఃఖం వాళ్లదే అవుతుందేమోనని. పాడె లేపే ముందు పెద్దవాడు గుంపులోకి చూసి, "తమ్మీ, నా పక్కకు రా" అన్నాడు. ముందు ఇద్దరూ భుజం పెట్టారు. పెద్దవాడు పొడుగు. పాడె చిన్నవాడి వైపు ఒరిగింది.

"నిమ్మలంగ, అన్నా."

పెద్దవాడు మోకాళ్లు కొంచెం వంచాడు. పాడె సమంగా నిలిచింది. నేను గడప దగ్గర నిలబడి చూశాను. గల్లీ మలుపు తిరిగేదాకా వాడు అలాగే వంగి, తమ్ముడి అడుగులో అడుగు వేస్తూ నడిచాడు.