ఖాళీగా ఇవ్వకూడని పంపు

మా అత్తవారింట్లో పదో తరగతి దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. సూర్యాపేటలో పుట్టి పెరిగి, మాడుగులపల్లి పక్కనున్న ఈ పల్లెకు కోడలిగా వచ్చినప్పుడు ఆ చదువు దేనికి పనికొస్తుందో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. వచ్చిన ఏడాదికే తెలిసింది. ఎరువు సంచుల మీద, పురుగుమందు డబ్బాల మీద ఉండే చీమతలకాయంత అక్షరాలు చదివే ఉద్యోగం నాకొచ్చింది. జీతం లేదు, సెలవు లేదు. తప్పు చదివితే తిట్లు మాత్రం తప్పవు.

ఎనభైల చివర్లో సంగతి. మాకు నాలుగు బర్రెలుండేవి. పాలు పొద్దున్నే మిర్యాలగూడ హోటళ్ళకు వెళ్ళేవి. కాలువ కింద ముప్పావు ఎకరంలో వాటికోసమే గడ్డి పెంచేవాళ్ళం. ఒక వానాకాలం ఆ గడ్డిచేలోకి వయ్యారిభామ అనే కలుపుమొక్క చొరబడింది. పేరు చూస్తే పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంటుంది గానీ ముట్టుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు. గడ్డి కోసే మా ఆయన చేతులు మోచేతుల దాకా పగిలి రసి కారేవి. గడ్డితో పాటు దాన్నీ నమిలిన బర్రెల పాలు చేదెక్కాయి. రెండుసార్లు హోటలువాళ్ళు పాలు తిప్పి పంపారు.

మా ఆయన మిర్యాలగూడ వెళ్ళి తెల్ల పొడి ప్యాకెట్టు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇది కొడితే గడ్డికేం గాదంట. ఎడల్పాకు మొక్కలే మాడిపోతయంట. జర సదివి సెప్పు," అన్నాడు.

లోపల నాలుగు మడతల కాగితం ఉంది. దాన్ని కిటికీ దగ్గర కూర్చుని మూడుసార్లు చదివాను. మొక్క పూతకు రాకముందే కొట్టాలి. గాలి లేని వేళ కొట్టాలి, మందు కొట్టే పంపు మూతి కిందికి వంచి కొట్టాలి. పత్తి, మిరప, టమాట, చిక్కుడు దరిదాపుల్లో ఉండకూడదు. చేతులకూ ముఖానికీ గుడ్డ కట్టుకోవాలి. కొట్టిన చేలో కొన్నాళ్ళు పశువుల్ని వదలకూడదు, గడ్డి కోసి వేయకూడదు. పంపును సోడాతో కడగాలి, ఆ నీళ్ళు కాలువలో పోయకూడదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేయించాలని మహా పట్టుదల. తెల్లారకముందే లేచి, గుప్పెడు దుమ్ము పైకి విసిరి గాలి ఎటుందో చూశాను. దుమ్ము తిన్నగా నా నెత్తిమీదే పడింది. మా ఆయన నవ్వి, "సైంటిస్టు అమ్మగారు, మొదలువెట్టమంటవా?" అన్నాడు. మా చేను చుట్టూ వరి తప్ప వేరే పంట లేదు. దగ్గర్లో పత్తి ఉన్నదల్లా మా చిన్నత్తమ్మదే, అది ఊరికి అటు పక్క ఎగువన నల్లరేగడిలో ఉంది. అంతదూరం గాలి పోదని ధైర్యం.

కొట్టడం అయ్యాక పంపును చాకలి సోడాతో మూడుసార్లు కడిగాను. కడిగిన నీళ్ళు కాలువకు దూరంగా గుంట తీసి పోశాను. మందు కలిపిన ఇనుప బకెట్టు మిగిలింది. అడుగున తెల్లగా అంటుకుని ఉంటే నీళ్ళు పోసి నానబెట్టి, కొట్టం గోడ పక్కన పెట్టాను. రేపు తోముదామనుకున్నాను. కాగితంలో పంపు కడగమని ఉంది. బకెట్టు మాట ఉందో లేదో ఇప్పటికీ గుర్తులేదు. ఉండే ఉంటుంది. నేనే చూసి ఉండను.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే చిన్నత్తమ్మ వచ్చింది.

ఆవిడ మా మామ తమ్ముడి భార్య, మా అత్తమ్మకు యారాలు. కోదాడ అవతల పుట్టింది కనుక మాట మా అందరికంటే కొంచెం సాగదీసినట్టు, మర్యాదగా ఉండేది. చిన్నమామ పోయాక ఆ రెండెకరాల నల్లరేగడి ఆవిడే చేసుకునేది. అంతకుముందు రెండేళ్ళు చేను కౌలుకిచ్చి ఊళ్ళో కూలికి వెళ్ళింది. ఎవరి చేలో వంగినా ముందు తన చేను గుర్తొచ్చి ఏడుపొచ్చేదని నాతో చెప్పింది. ఆ ఏడు పట్టుబట్టి కౌలు మాన్పించి, తనే పత్తి పెట్టింది. ఈ పంట నిలబడితే ఇక ఒకరి చేలోకి కూలికి పోనని మా వాకిట్లో అందరి ముందూ అంది. పత్తిని కళ్ళలో పెట్టుకుని చూసుకునేది.

"అక్కా, పత్తికి పచ్చపురుగు తగిలింది. పంపు ఒక్కరోజు ఇయ్యవా?" అని మా అత్తమ్మను అడిగింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ సామానూ ఖాళీగా ఇచ్చేది లేదు. చాట ఇస్తే నాలుగు గింజలు, బిందె ఇస్తే గుక్కెడు నీళ్ళు, గిన్నె ఇస్తే కాస్త కూరో పెరుగో. మా అత్తమ్మకు ఆ పట్టింపు మరీ ఎక్కువ. పైగా శుక్రవారం, పైగా అడిగింది యారాలు. నేను పేడ తట్ట ఎత్తుకుని కొట్టంలోంచి వచ్చేసరికి మా అత్తమ్మ చెంబు చేత్తో పట్టుకుని, గోడ పక్కన నేను నానబెట్టిన బకెట్టులోంచి నీళ్ళు ముంచి పంపులో పోస్తోంది.

తట్టతోనే గబగబా దగ్గరికి వెళ్ళాను.

"అత్తమ్మా, ఆ నీళ్ళొద్దు!" అన్నాను.

"ఖాళీ సామాను ఎవరన్న ఇస్తరానే? అందుల శుక్రారం," అంది మా అత్తమ్మ.

"అట్ల గాదత్తమ్మా, ఆ బకెట్ల..."

"నీళ్ళే గదనే, ఇసం పోసిన్నా? ఊకె ఎందుకు పరేషానైతవ్?"

వాకిట్లో పాలు పోసుకునేందుకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళు నా వైపు చూశారు. పది మందిలో అత్తను తప్పుపట్టే కోడలనిపించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. చిన్నత్తమ్మ దగ్గరికి వెళ్ళి మెల్లగా, "చిన్నత్తమ్మా, చేనుకాడికి పోయినంక ఆ నీళ్ళు పారబోసి, కడిగి కొట్టు," అన్నాను.

"సర్లేమ్మాయ్, నేను చూసుకుంటాలే," అంది. పంపు వీపుకు తగిలించుకుని వెళ్ళిపోయింది.

నేను వెనకాలే పరుగెత్తి ఉండాల్సింది. తట్టలో పేడ ఉంది, పాలగిన్నెలు కడగడానికి నీళ్ళు కాగుతున్నాయి, ఆవిడ సరేనంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దిచెప్పుకోవడం మీద నాకు ఈనాటికీ కోపమే.

మా గడ్డిచేలో వయ్యారిభామ వారం తిరక్కుండానే మెలికలు తిరిగి వాలిపోయింది. గడ్డి పచ్చగా నిలబడింది. బర్రెల్ని ఇంటిపట్టునే కట్టేసి ఎండుగడ్డి వేస్తుంటే మా అత్తమ్మ, "నీ కాగితం నా బర్రెలకు ఉపాసం పెట్టింది," అని సణిగేది. లోలోపల మాత్రం సంబరపడింది.

పన్నెండో రోజో పదమూడో రోజో చిన్నత్తమ్మ ఒక పత్తి కొమ్మ తుంచుకుని మా ఇంటికొచ్చింది. కొస ఆకులు చూశాను. వెడల్పుగా ఉండాల్సిన ఆకు సన్నగా చీలి, వేళ్ళు ముడుచుకున్న చెయ్యిలా ఉంది. ఈనెలన్నీ దగ్గరికి వచ్చేశాయి. మొగ్గలు పసుపెక్కి ముట్టుకుంటే రాలుతున్నాయి.

"చేనంతా ఇట్లాగే ఉందమ్మాయ్. ఏం తెగులో నాకు అంతుబట్టడం లేదు. ఎవరి దిష్టి తగిలిందో," అంది.

"ఆ రోజు పంపుల నీళ్ళు పారబోసినవా చిన్నత్తమ్మా?" అని అడిగాను.

"ఎందుకు పారబోస్తానమ్మా? అక్క తన చేత్తో పోసిచ్చింది. ఆ నీళ్ళు వంపుకుని అందులోనే మందు కలిపి, ప్రతి పంపుకూ కాస్త పోసి కొట్టా," అంది.

కొమ్మ నా దగ్గరే ఉంచి పొమ్మన్నాను.

దవాఖానకు పోతున్నానని చెప్పి ఆ కొమ్మను పేపర్లో చుట్టుకుని మిర్యాలగూడ వెళ్ళాను. వ్యవసాయ ఆఫీసులో ఉన్న పెద్దాయన కొమ్మ తిప్పి చూసి, నేను చెప్పకముందే సంగతి కనిపెట్టాడు.

"కలుపుమందు పంపుతోని కొట్టిండ్రా?"

"పంపు కడిగినం సార్. బకెట్ల నీళ్ళు కలిసినయి."

"పత్తికి ఇది అస్సలు పడదమ్మా. జర వాసన తగిలినా ఇట్లనే అయితది. అందుకే దానికి పంపు వేరే, బకెట్ వేరే పెట్టుకోవాలె."

"ఇప్పుడేం చెయ్యాలె సార్?"

ఆయన కొమ్మను మళ్ళీ పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. "చేసేదేం లేదమ్మా. వాన పడితే కొత్త చిగురు మంచిగొస్తదేమో సూడాలె. మందుకు విరుగుడు లేదు," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గొంతులో జాలే ఉంది.

ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను. ఆయన గోడకానుకుని కూర్చుని, "ఇప్పుడు చెప్తే మొక్కలు బాగయితయా? అమ్మకూ చిన్నమ్మకూ మధ్య మాటలుండవు, గంతే," అన్నాడు. మా అత్తమ్మకు మాత్రం నేను చెప్పకుండా ఉండలేకపోయాను. బర్రె పాలు పితుకుతూ విన్నది. పితకడం ఆపలేదు. గిన్నె నిండాక లేచి, నా వైపు చూడకుండా, "నేను నీళ్ళే అనుకున్న బిడ్డా," అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

వాన పడింది. కొత్త చిగురూ వచ్చింది, ముడుచుకునే వచ్చింది. కాయ పట్టలేదు. కార్తీకంలో చిన్నత్తమ్మ పత్తి కట్టె పీకి మోపులు కట్టింది. అందులో ఒక మోపు మాకూ తెచ్చి, "పాలు కాచుకోను పనికొస్తదక్కా," అని వాకిట్లో దించింది. ఆ కట్టె కాలుతుంటే పొయ్యి ముందు కూర్చోవడం నావల్ల కాలేదు. చేను మళ్ళీ కౌలుకు పోయింది. చిన్నత్తమ్మ మళ్ళీ కూలికి పోయింది.

ఆ కట్టెమోపు దించిన మర్నాటి నుంచి మా అత్తమ్మ రోజూ పొద్దున చెంబుడు పాలు తీసుకుని యారాలింటికి వెళ్ళేది. వానొచ్చినా, జ్వరమొచ్చినా మానలేదు. చెంబు ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. రెండు బెండకాయలో, గుప్పెడు గోంగూరో, ఏమీ లేనిరోజు నాలుగు చింతపూలో అందులో ఉండేవి. మా అక్కంత మంచిమనిషి లేదని చిన్నత్తమ్మ ఊరంతా చెప్పుకునేది. అది వింటే మా అత్తమ్మ ఆ చోటు నుంచి లేచిపోయేది. ఆరేళ్ళు అట్లాగే పాలు పోసి, ఒక ఎండాకాలం కన్నుమూసింది. ఆ నీళ్ళ సంగతి చెప్పకుండానే పోయింది.

తర్వాతి ఏడు చిన్నత్తమ్మ కౌలు విడిపించుకుని మళ్ళీ పత్తి పెట్టింది. మళ్ళీ పచ్చపురుగు వచ్చింది. మళ్ళీ మా వాకిట్లోకి వచ్చి పంపు అడిగింది. అప్పటికి మాకు రెండు పంపులు. కలుపుమందు దానికి నేను ఎర్రరంగు పూసి, దాని బకెట్టుతో సహా అటక మీద విడిగా పెట్టేదాన్ని. రెండోది దించి, మూత తీసి, ఆవిడ కళ్ళముందే బోర్లించి చివరి చుక్క దాకా దులిపి చేతికిచ్చాను.

చిన్నత్తమ్మ పంపులోకి తొంగిచూసింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"మీ అత్తమ్మ ఉంటే ఇట్లా ఇచ్చేది కాదమ్మాయ్," అంది.

చెప్పడానికి నోరు తెరిచాను. అత్తమ్మ ఫోటో మీద చిన్నత్తమ్మ ముందురోజు వేసిన బంతిపూల దండ ఇంకా వాడలేదు. ఆవిడే కుళాయి దగ్గరికి వెళ్ళి, చెంబుడు నీళ్ళు పట్టి పంపులో పోసుకుని, వీపుకు తగిలించుకుని వెళ్ళిపోయింది.

కుళాయి నీళ్ళే. అయినా పదిహేను రోజుల పాటు రోజూ ఆవిడ కంటే ముందే లేచి వెళ్ళి, ఆ చేను గట్టు మీద నిలబడి కొస ఆకులు చూసి వచ్చాను. అన్నీ వెడల్పుగానే ఉన్నాయి. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.