మా మరిది ఊపి చూసిన గేటు

మా మరిది ఊపి చూడనిదే ఈ లోకంలో దేన్నీ నమ్మడు. కుర్చీ అయితే వీపు పట్టుకుని ఊపుతాడు, మంచమైతే కోడు పట్టుకుని ఊపుతాడు, మెట్లయితే పక్కనున్న కమ్మీ పట్టుకుని ఊపుతాడు. ఊపాక చెవి ఆనించి వింటాడు. కిర్రుమనకపోతే "ఫరవాలేదు" అంటాడు. ఆ మాట వచ్చేదాకా తను కూర్చోడు, మనల్ని కూర్చోనివ్వడు. బతుకంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. వేలాడేవన్నీ తెగడానికే పుట్టాయనీ, నిలబడ్డవన్నీ కూలడానికే చూస్తున్నాయనీ ఆయన గట్టి అభిప్రాయం. వీధిలో పిల్లలు పెట్టిన పేరు భూకంపం తాత.

ఈ ఊపుడు వల్ల ఆయన గెలిచిన పోట్లాట ఒకటి నేను కళ్ళారా చూశాను. కుర్చీలు కొందామని ఇద్దరం ఒక కొట్టుకి వెళ్ళాం. వరసగా పెట్టిన కుర్చీల్ని ఈయన ఒక్కొక్కటే ఊపుతూ పోతుంటే కొట్టు యజమానికి ఒళ్ళు మండింది. కొనే మొహమైతే కొను, సరుకు ఊడదీసే పనైతే బయటికి నడు అన్నాడు. మా మరిది గొంతు పెంచే రకం కాదు. ఊడే సరుకు మీరు పెట్టుకుని తప్పు నామీద పెడతారేంటండీ అని మెల్లిగా అడిగాడు. జనం పోగయ్యారు. యజమాని రోషపడి, ఏనుగు కూర్చున్నా ఇది విరగదు చూడమంటూ ఈయన వద్దన్న కుర్చీలోనే ఎగిరి కూర్చున్నాడు. కాలు ఒకవైపు, వీపు ఒకవైపు, ఆయన మధ్యలో. మా మరిదే వెళ్ళి లేపాడు. లేపినవాడు ఊరుకోవచ్చుగా, ఆయన భుజం పట్టుకుని ఊపి, "ఫరవాలేదు, ఎముకలు గట్టివే" అన్నాడు.

నేను చదువుకున్నది అక్షరాలు కూడబలుక్కునేంత వరకే కానీ, మనిషిని చూస్తే లోపల ఏముందో చెప్పగలను. ఈయన్ని మాత్రం ఇన్నేళ్ళూ పిరికివాడనే అనుకున్నాను. ఆ మాట మొహం మీదే అన్నాను కూడా. ఆయన కాదనలేదు.

ఆయన మాటని వేదంలా నమ్మిన ప్రాణి ఇంట్లో ఒక్కతే, ఆయన మనవరాలు. తాత ఊపి ఫరవాలేదంటే గోడైనా ఎక్కేది. అలాగే ఒకరోజు పార్కులో ఉయ్యాల ఎక్కింది. తాత గొలుసు ఊపాడు, స్తంభం ఊపాడు, కూర్చునే చెక్కని మాత్రం ఊపలేదు. అది చీలింది. పిల్ల మోచెయ్యి విరిగింది.

చెయ్యి అతుక్కుంది గానీ పిల్ల అతుక్కోలేదు. మెట్లు దిగాలంటే భయం, బల్ల ఎక్కాలంటే భయం, స్కూలు బస్సంటే భయం. తాత దేన్నయినా పట్టుకుని ఊపితే చాలు, వెళ్ళి వాళ్ళమ్మ వెనక దాక్కునేది. ఆయన ఒకటి రెండుసార్లు "ఫరవాలేదమ్మా" అని చూశాడు. పిల్ల ఆయన మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. అంతే, ఆ తర్వాత ఇంట్లో ఆ మాట వినపడలేదు.

పిల్లకి గుర్రాల బొమ్మలంటే పిచ్చి. అందుకని వాళ్ళ అమ్మా నాన్నా సెలవులకి మమ్మల్నందర్నీ గుర్రాలు పెంచే ప్రాంతానికి బయల్దేరదీశారు. నగరం పొలిమేర దాటి గంట పోతే చాలు, ఎటు చూసినా తెల్ల కంచెలు, పచ్చిక, ఎండలో మెరిసే గుర్రాల వీపులు. బొమ్మలో గుర్రం వేరు, పక్కన నిలబడి బుస్సున ఊపిరి వదిలే గుర్రం వేరు. నాకైతే భయమేమీ లేదు. పెద్ద జంతువులకి కాస్త దూరంగా నిలబడటం నా అలవాటు.

మేం దిగిన బసలో మా మరిది మంచాలు ఊపాడు, కిటికీ ఊచలు ఊపాడు, పక్కగదివాళ్ళ తలుపు కూడా ఊపి తిట్లు తిన్నాడు. సాయంత్రం గుర్రపుశాల చూసుకునే ఆవిడతో కంచె దగ్గర నిలబడి చాలాసేపు ఏదో గుసగుసలాడాడు. కంచె ఎంత గట్టిదో అడుగుతున్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున అందరం శాల ముందుకి కార్లో వెళ్ళాం. పిల్ల దిగనంది. అద్దాలు పైకెత్తి, తలుపులు గడియ వేసుకుని లోపలే కూర్చుంది. వాళ్ళమ్మ బతిమాలింది, నాన్న విసుక్కున్నాడు. ఇంత దూరం వచ్చి కూడా అది ఆ అద్దం వెనకే ఉండిపోతే, ఇక ఎప్పటికీ అక్కడే ఉండిపోతుందేమోనని నా గుండెల్లో రాయి పడింది.

మా మరిది మాత్రం ఇదేమీ పట్టనట్టు గేట్ల వరస పట్టుకుని ఊపుకుంటూ పోతున్నాడు. ఒక గేటు ఊపాడు. గడియ జారి కింద పడింది. లోపల్నుంచి నల్లటి గుర్రం ఒకటి బయటికి వచ్చింది. వస్తూనే ఉంది, అంత పొడుగుంది అది.

మా మరిది వెనక్కి ఒక అడుగు వేశాడు. గుర్రం ముందుకి ఒక అడుగు వేసింది. ఆయన పక్కకి జరిగితే అదీ పక్కకి జరిగింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. శాల ఆవిడ ఎక్కడో ఆ చివరి గేటు దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడిపోయింది. ఈయన వెనక్కి నడిచి నడిచి కారుకి వీపు తగిలేదాకా వచ్చి, తలుపు పిడి పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. గట్టిదో కాదో చూడటానికి కాదు, ఈసారి నిజంగానే తెరుచుకోవాలని.

గుర్రం మూతి తెచ్చి ఆయన చొక్కా జేబు మీద పెట్టింది. పళ్ళతో పట్టుకుని లాగింది. పర్రుమని జేబు సగం ఊడింది. మా మరిది కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు కారు అవతలి తలుపు తెరుచుకుంది. పిల్ల దిగింది. కారుని పట్టుకుని పట్టుకుని ఇటు నడిచి వచ్చింది.

"తాతయ్యా, కదలకు. దానికి నువ్వొద్దు. నీ జేబులో బిస్కెట్లు కావాలి."

వేలాడుతున్న జేబులోంచి బిస్కెట్టు తీసి, విరిగి అతికిన ఆ చేత్తోనే, అరచెయ్యి చాపి పట్టుకుంది. నల్లగుర్రం తల దించి ముద్దుగా తినేసింది. పిల్ల దాని మెడ మీద చెయ్యి వేసి మెల్లిగా ఊపి చూసింది. "ఫరవాలేదు తాతయ్యా, కళ్ళు తెరువు" అంది.

ఆయన వెంటనే తెరవలేదు. నేను మాత్రం కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఎండ ఎక్కువగా ఉంది మరి.

మధ్యాహ్నానికి పిల్ల ముసలి తెల్లగుర్రం ఎక్కి శాల చుట్టూ తిరుగుతోంది. ఎక్కేముందు జీను పట్టుకుని అటూ ఇటూ ఊపింది. ఎవరి పోలికమ్మా అని శాల ఆవిడ నవ్వింది. నవ్వుతూనే నా చెవిలో అసలు సంగతి ఊదింది. మా మరిది నిన్న సాయంత్రం మాట్లాడుకున్నది ఈ తెల్లగుర్రం గేటు గురించట. ఇది పిల్లిలాంటిదట, బిస్కెట్టు వాసన తగిలితే మనిషి వెంటే నడుస్తుందట, ఆయన జేబులో బిస్కెట్లు అందుకేనట. ఆవిడ దాని దగ్గరే కాచుకుని ఉందట. ఈయన కంగారులో వేరే గేటు ఊపాడట.

తిన్నగా గదికి వెళ్ళాను. మా మరిది చొక్కా ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"గడియ తీసింది నువ్వేనా?" అన్నాను.

"నేనే వదినా."

"ఎందుకయ్యా ఈ వేషాలు? పిల్లకి ధైర్యం చెప్పాలంటే నోటితో చెప్పొచ్చుగా."

"నేను ఫరవాలేదంటే అది నమ్మదు. నమ్మకపోవడంలో తప్పు లేదు, ఆ చెక్క ఊపనివాణ్ణి నేనే. కానీ నేను భయపడితే మాత్రం నమ్ముతుంది. నా భయంలో కల్తీ ఉండదని దానికి తెలుసు."

ఈయన్ని పిరికివాడన్నది ఈ నోటితోనే. అయినా ఊరుకోవడం నావల్ల కాదు కదా. "అయితే అదంతా నటనేనా?" అని అడిగాను.

"మొదటి అడుగు నటించాను వదినా. రెండో అడుగుకి గుర్రం రంగు కనపడింది."

నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడ్డాను. అది కిర్రుమంది. ఆయన అలవాటుగా కోడు వైపు చూశాడు గానీ ఊపలేదు. చొక్కా నా చేతికిచ్చి, ఈ సంగతి పిల్ల చెవిన పడనివ్వొద్దన్నాడు. తాతని కాపాడింది తనేనని అనుకోనిమ్మన్నాడు. ఎలాగూ అది అబద్ధం కాదన్నాడు.

"ఇంకొక్క పని. ఈ జేబు కుట్టిపెట్టు. రేపు పొద్దున్నే పిల్ల నన్ను ఆ నల్లదాని దగ్గరికే తీసుకెళ్తుందట, నా భయం పోగొడుతుందట." గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "గట్టిగా కుట్టకు వదినా. లాగితే ఊడి రావాలి. లేకపోతే జేబుతో పాటు నేనూ వెళ్ళిపోతాను."