ఊరంత ఓడ

తమ్ముడు చచ్చిపోయాడని రావమ్మక్క ఒప్పుకోలేదు. పెడనలో మా నేత వీధి మొత్తం ఒకవైపు, ఆవిడ ఒక్కతీ ఒకవైపు. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆ కుందేలు వెంట పరిగెత్తి పరిగెత్తి నేను కూడా అలిసిపోయాను.

ఆవిడ పదహారేళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. అప్పటికి తల్లీ తండ్రీ లేరు. తమ్ముడు అంకమ్మరావు ఇంకా దోగాడే పిల్లవాడు. చేత్తో నూలు కండెలు చుడుతూ కాలితో వాడి ఉయ్యాల ఊపేదని మా అమ్మ చెప్పేది. కాస్త ఎదగ్గానే వాణ్ని మగ్గం గుంటలో కూర్చోబెట్టి నేత నేర్పించింది. పని బాగానే పట్టుబడింది గాని, ఇంతలో యుద్ధం వచ్చి నూలు దొరక్కుండా పోయింది. వీధిలో సగం మగ్గాలు మూగపోయాయి. నేను బెజవాడ వెళ్లి బట్టల కొట్లో చేరాను. వాడూ అదే బెజవాడ వచ్చి నేవీలో చేరాడు. బందరు సముద్రం మాకు నడిచి వెళ్లేంత దూరం. అయినా నేవీలో చేరేదాకా వాడు సముద్రాన్ని సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

నలభై నాలుగులో సెలవు మీద వచ్చాడు. చూద్దామని నేనూ ఊరికి వచ్చాను. తెల్ల బట్టలు, టోపీ. వీధంతా వాళ్ల అరుగు చుట్టూ మూగింది. వాడు పనిచేసేది దొరల యుద్ధనౌక. దాని ఇంగ్లీషు పేరు వాడికి తప్ప మాలో ఎవరికీ నోరు తిరగలేదు.

"మన పెడనంత ఉంటదక్కా. లోపలన్నీ వీధులు, సందులు, మెట్లు. చేరిన కొత్తలో దారి తప్పి పూటంతా తిరిగా. ఎవుణ్నడిగినా ఇంగ్లీషే. అన్నానికి గంట కొడితే ఆ చప్పుణ్ని పట్టుకుని బయటపడ్డా" అన్నాడు.

దాని ఫిరంగి బందరులో పేలిస్తే గుండు గుడివాడలో పడుతుందని కూడా అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నాన్నేను. నలుగురూ నన్ను కసిరారు. ఖద్దరు కట్టి జైలుకి వెళ్లొచ్చిన సాంబమూర్తిగారు, తెల్లవాడి ఓడ అని మూతి ముడుచుకుంటూనే, "గుడివాడ దాకానా?" అని రెండుసార్లు అడిగారు. ఆ ఓడ మాదో వాళ్లదో మాకు తేలలేదు. గర్వం మటుకు మాదే.

ఆ సెలవులో చేతులు ఊరుకోక వాడు మగ్గానికి పడుగు నూలు ఎక్కించి చీర మొదలుపెట్టాడు. సగం నేసేసరికి సెలవు అయిపోయింది. "మిగతాది వచ్చి నేస్తా, ఎవుర్నీ ముట్టనీయమాక" అని అక్కకి చెప్పి రైలెక్కాడు. మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. మనిషి బతికుండగా అతను ఎక్కించిన పడుగుని ఇంకొకరు కోయకూడదు. పోతే, దినం నాడు ఇంటివాళ్లే కోసి మగ్గం ఖాళీ చేయాలి.

యుద్ధం ఆఖరి ఏడు రంగూను వైపు సముద్రంలో ఆ ఓడ మీద బాంబులు పడ్డాయి. ఓడ మునగలేదు. లోపల మంటలు లేచి కొందరు పోయారు. కొందరి శవాలు దొరికాయి. అంకమ్మరావుది దొరకలేదు. చనిపోయినట్టే అనుకోవలసిందని సర్కారు వాళ్లు తెలియజేస్తే, ఆ మాట ఆవిడకి చెప్పే పని నా నెత్తిన పడింది.

అంతా విని, "ఓడ ఉందా, మునిగిందా?" అని అడిగింది.

"ఉందక్కా. బొంబాయి చేర్చారంట."

"మరింకేం. ఊరంత ఓడ. పొగలో దారి తప్పుంటాడు. వాడికి అలవాటేగా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దలు వచ్చి నచ్చజెప్పారు. ప్రతి సందూ వెతికారా అని వాళ్లని ఎదురడిగింది. ఎవరికి తెలుసు? మళ్లీ నూలు వస్తోంది, ఆ మగ్గం ఖాళీ చేస్తే తను నేసుకుంటూ అక్కకి రెండు పూటలా అన్నం పెడతానని వాళ్ల దాయాది ఆదిశేషయ్య ముందుకొచ్చాడు. ఆవిడ పడుగు మీద చెయ్యి వేయనీయలేదు. ఊళ్లోవాళ్లకి కండెలు చుట్టి ఒక్క పూట తింటూ, సగం చీర మీద దుమ్ము దులుపుతూ కూర్చుంది. ఏడు తిరిగేసరికి చేతుల ఎముకలు తేలాయి. ఇట్లాగే సాగితే తమ్ముడి కంటే ముందు ఈవిడ దినం చేయాల్సి వస్తుందని నాకు భయం పట్టుకుంది.

స్వరాజ్యం వచ్చిన రెండేళ్లకి పత్రికలో ఒకవైపు మనకి సొంత నౌకాబలం వచ్చిందని పెద్ద అక్షరాలతో వేశారు. ఇంకో మూల చిన్న అక్షరాలతో ఆ ఓడని పాత ఇనుముకి అమ్మేశారని వేశారు. రెండూ చదివితే నాకేమీ పాలుపోలేదు. రావమ్మక్క సాంబమూర్తిగారినే పట్టుకుంది.

"మన రాజ్యం వచ్చిందన్నారు, ఓడలు మనవే అన్నారు. మరి అమ్ముకోటం ఏంటండీ?"

"పాతబడిందమ్మా."

"ఊరు పాతబడితే అమ్ముకుంటామా అండీ?"

ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

బెజవాడలో గుణదల శౌరయ్యగారికి ఏలూరు కాలవ పక్కన పాత ఇనప కొట్టు ఉంది. సరుకు కోసం బొంబాయి వెళ్లి, ఆ ఓడని కోస్తుండగా దగ్గరుండి చూసి, ముక్కలు వ్యాగన్లో వేయించుకొచ్చాడు. ఓడ లేదని కళ్లారా చూస్తే ఆవిడ మనసు ఒప్పుకుంటుందనుకున్నాను. ఇంటికెళ్లి పడుగు కోస్తుంది, దినం చేస్తుంది, రెండు పూటలా తింటుంది. ఆ సంగతి తెలిసిన మర్నాడే ఆవిణ్ని బెజవాడ తీసుకొచ్చాను.

కొట్టు వెనక దొడ్లో బూడిదరంగు రేకులు గుట్టలుగా పడున్నాయి. రేకులంటే మన డబ్బా రేకులు కావు, రోకలంత మందం. మా అప్పటి గర్వమంతా అక్కడ తుప్పు పడుతోంది. ఆవిడ మాత్రం తాపీగా చుట్టూ తిరిగి, నడుమ పెద్ద కంత ఉన్న ఒక ముక్క దగ్గర ఆగింది.

"ఇదేంటయ్యా?"

"తలుపు ఉండే చోటమ్మా. ఓడ లోపలిది" అన్నాడు శౌరయ్యగారు.

ఆవిడ అందులోంచి అవతలికి తొంగి చూసింది.

"కోసేటప్పుడు లోపల ఎవరన్నా ఉన్నారేమో చూశారా?"

శౌరయ్యగారు నా వైపు చూశాడు. సంగతంతా ముందే చెప్పి ఉంచాను. మెల్లిగా అన్నాడు. "గది గదీ విప్పేశారమ్మా, పైనుంచి అడుగుదాకా. నేను చూస్తానే ఉన్నా. ఎవరూ లేరు. ఇప్పుడక్కడ నీళ్లు తప్ప ఏం లేదు."

ఏడుస్తుంది, పట్టుకోవాలని దగ్గరికి జరిగాను. ఆవిడ మొహం విప్పారింది. ఇన్నేళ్లలో అంత సంతోషం ఆ మొహంలో నేను చూడలేదు.

"గోడలన్నీ తీసేశారంటావు. సందులూ లేవు, మెట్లూ లేవు."

"లేవమ్మా."

ఆవిడ నా వైపు తిరిగింది.

"మరింకెక్కడ తప్పిపోతాడ్రా జక్కయ్యా? ఈపాటికి బయటపడే ఉంటాడు. మనం ఇక్కడ కూర్చుంటే ఇంటికి తాళం చూసి కంగారుపడతాడు. పద."

శౌరయ్యగారు తలవంచుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు. మేలు చేశానో కీడు చేశానో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

సాయంత్రం రైలు బండి పెడనలో ఆగగానే ఆవిడ నా కంటే ముందు దిగింది.

"బొంబాయి నించి వచ్చేవాళ్లు బెజవాడలో ఈ బండే ఎక్కాలిగా. నువ్వు అటు పెట్టెలు చూడు, నేనిటు చూస్తా" అంది.

తిట్టాలనిపించింది. తిట్టలేకపోయాను. అటువైపు పెట్టెల దగ్గరికి నడిచి, దిగినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాను.