దొరసాని బిళ్ళ

మా అత్త మెడలోని వెండి రూపాయిల దండకు నడుమ ఒక పెద్ద బిళ్ళ ఉండేది. అటూ ఇటూ ఉన్నవి ఇంగ్లీషు రాణి రూపాయిలు. నడుమ బిళ్ళ మీద ఇంకో ఆడమనిషి. బొద్దు మెడ, తల వెనక ముసుగు. తిప్పి చూస్తే రెండు తలల గద్ద. ఇంట్లో అందరం దాన్ని దొరసాని అనేవాళ్ళం. నేను పెద్దకోడలిని. అత్తకు తల దువ్విన ప్రతిసారీ ఆ బిళ్ళ నా మణికట్టుకు చల్లగా తగిలేది. ఎప్పటికైనా నాదేనని మనసులో రాసిపెట్టుకున్నాను.

పండగల్లో ఆడవాళ్ళం వరస కట్టి ఆడే థింసా ఆటలో అత్త ఇక నిలబడలేని ఏడాది దండ విప్పి, కోడళ్ళకు తన చేత్తో పంచడం మా ఇంటి పద్ధతి. ఎందుకలా పంచావని అడగకూడదు. పోయినేడు ఆమె దండ విప్పింది. నాకు తొమ్మిది రూపాయిలు ఇచ్చింది. జి.మాడుగుల వైపు నుంచి వచ్చిన చిన్నకోడలికి ఏడు రూపాయిలూ, దొరసానీ.

నేను అనంతగిరి దారిలో కాఫీ పళ్ళు కొనే షెడ్డులో తూకం వేస్తాను. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. భిన్నాలూ శాతాలూ కాటా దగ్గరే నేర్చుకున్నాను. ఆ రాత్రి పడుకునే ముందే లెక్క కట్టాను. ఆమెకంటే నాకు రెండు రూపాయిలు ఎక్కువ. రూపాయి ఒక తులం. దొరసాని రెండున్నర తులాలకు కాస్త తక్కువ ఉంటుంది. అంటే పంపకంలో పెద్ద తేడా లేదు. అయినా నిద్ర పట్టలేదు. మరునాడు తోడికోడలు పొయ్యి ముందు వంగినప్పుడు ఆ బిళ్ళ ముందుకు ఊగి మంట వెలుగులో మెరిసింది. నా తొమ్మిది రూపాయిలూ నా మెడలో ఉత్త బరువయ్యాయి.

దాన్ని తక్కువ చేసే మాట ఏదైనా దొరుకుతుందేమోనని ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు నాకు నత్తనడకే. అంకెలు మాత్రం ఏ భాషలోనైనా అర్థమవుతాయి.

దొరసాని ఆస్ట్రియా దేశపు రాణి. ఆ నాణెం పేరు థాలర్. ఎర్ర సముద్రం రెండు ఒడ్డుల్లోనూ, యెమెన్‌లో, ఇథియోపియాలో, కాఫీ గింజలు కొనాలంటే వర్తకులు దాన్నే ఇచ్చేవారట. అమ్మేవాళ్ళు ఆమె నగలోని ముత్యాలు లెక్కపెట్టి మరీ తీసుకునేవారట. అంచును ఎవరూ గీకి వెండి దొంగిలించకుండా చుట్టూ అక్షరాలు ఉంటాయి. అక్కడి ఆడవాళ్ళు కూడా దాన్ని మెడలో కట్టుకునేవారని చదివినప్పుడు నాకేమీ సంతోషం కలగలేదు. మేం కాఫీ పండిస్తాం, ఆ కాఫీ నేనే తూస్తాను, కాఫీని కొన్న నాణెం మాత్రం ఆమె మెడలో ఉంది.

నాకు కావలసింది ఆ తర్వాత దొరికింది. రాణి 1780లో చనిపోయింది. కానీ ఎర్ర సముద్రం ఒడ్డుల జనం ఆ ముఖం, ఆ సంవత్సరం ఉన్న బిళ్ళను తప్ప ఇంకోదాన్ని నమ్మలేదు. అందుకని ఆమె పోయాక కూడా అదే బొమ్మతో, అదే 1780తో అచ్చు వేస్తూనే ఉన్నారు. వేరే దేశాలూ వేశాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బొంబాయిలోనూ వేశారు.

సాయంత్రం రాగులు చెరుగుతున్న తోడికోడలి దగ్గర కూర్చుని, "దొరసాని అంత పాతదేటీ కాదే. బొంబాయిలో అచ్చేసినదయ్యుంటాది" అన్నాను.

ఆమె చేట ఆపింది. "బొంబాయా? ఓలమ్మ. మీ మరిది నన్ను విశాపట్నం దాటించనేదు. నా మెడలోది బొంబాయి సూసొచ్చిందా?"

"అంటే నకిలీ లాటిదే."

"ఏటి నకిలీ? ఎండి కాదా?"

"ఎండే."

"మరింకేటప్పా నీ బాద?" అంది. అక్కను మా వైపు అప్ప అంటాం.

మంచం మీద నుంచి అత్త నవ్వింది. "మా యమ్మకి పసుపు సావుకారు ఇచ్చేడు దాన్ని. బండ మీద మోగించి మరీ తీసుకుంది. ఊరేటని అడగనేదు."

వారం తిరిగేసరికి ఊరంతా దానికి బొంబాయి దొరసాని అని పేరు పెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ తోడికోడలు మెడ చాచి చూపించేది. తక్కువ చేయబోయి నేనే దానికి కొత్త గొప్ప తెచ్చిపెట్టాను.

చైత్రంలో మా వేట పండగ, ఇటికల పండగకు ముందు బిళ్ళ పైన అతికిన రింగు ఊడిపోయింది. "అప్పా, నీకు తెలిసిన కంసాలి ఉన్నాడు గదా. బేగి అతికించి తే. దొరసాని నేకుండా నాను ఆడను" అని దాన్ని నా చేతిలో పెట్టింది. శుక్రవారం అరకు సంతకు వెళ్ళే జీపులో దాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. దిగేసరికి అది నా ఒంటి వేడికి వచ్చింది. పారేసుకున్నానని చెబితే ఎలా ఉంటుందో ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆలోచించాను. చెప్పనని నాకు తెలుసు. తూకం వేసే మనిషిని, వస్తువు తగ్గితే జవాబు చెప్పాల్సింది నేనే.

కంసాలిని అడిగి, రింగు అతకకముందే బిళ్ళను తూయించాను. కొత్త థాలర్ ఇరవై ఎనిమిది గ్రాములు ఉంటుందని చదివాను. ఇది ఇరవై ఆరుకు కూడా రాలేదు. నా మెడలో దండ విప్పి రూపాయిలనూ తూయించాను. అవి నూటికి మూడు పాళ్ళు అరిగితే దొరసాని ఎనిమిది పాళ్ళు అరిగింది. ఒకే దండలో, అవే మెడల మీద ఉన్నవి ఇవన్నీ. పైగా దొరసానిలో రాగి ఎక్కువ, గట్టి బిళ్ళ, తొందరగా అరగకూడదు. అంటే మా దండలోకి రాకముందే అది ఎన్నో చేతులు మారింది. రాణి ముక్కు చదునైపోయింది, సంవత్సరంలో చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. నా లెక్క ప్రకారం అది బొంబాయిది కాదు. బొంబాయిలో అచ్చు వేయడానికి చాలా ముందే ఏ ఓడలోనో ఎర్ర సముద్రం దాటి వచ్చి, కరిగించేవాళ్ళ కొలిమి తప్పించుకుని, పసుపు కోసం ఈ కొండ ఎక్కింది.

అది నిజంగా గొప్పదే. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఇంటికొచ్చి బిళ్ళను తోడికోడలికి ఇచ్చాను. ఆమె దండ కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. అత్త నా ముఖం చూసి, "తూయించేవా?" అంది.

"తూయించేను."

"నాకు తెలుసు. అందుకే నీకివ్వనేదు. నీ మెడలో ఉంటే అది రోజూ కాటా మీదే ఉండును." కోపంగా అనలేదు, నన్ను తక్కువ చేసినట్టు కూడా అనలేదు. "దొరసానికి ఏసుకుని ఆడే మనిసి కావాలే" అని పక్కకు తిరిగి పడుకుంది.

పండగ రోజు థింసా వరసలో తోడికోడలు ముందు, నేను ఆమె పక్కన. చేతులు వెనక నుంచి పెనవేసి పట్టుకోవాలి కాబట్టి ఆమె నడుము నా చేతిలోనే ఉంది. అడుగు పడ్డప్పుడల్లా దొరసాని ఎగిరి రూపాయిలకు తగిలి మోగింది. అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫోన్లెత్తి ఆమెనే తీశారు. మధ్యలో ఆయాసపడుతూ నా చెవి దగ్గర, "కంసాలేటన్నాడు అప్పా, బొంబాయిదేనా?" అంది.

నేను అడుగు తప్పలేదు. "బొంబాయిదే" అన్నాను.

ఆమె సంతోషంగా తల ఊపి పాట అందుకుంది. అరిగిన ఆ రెండు గ్రాముల సంగతి ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు. దొరసానిలో నా వాటా అదొక్కటే. దాన్ని కూడా ఆమెకివ్వడానికి నాకు మనసు రావడం లేదు.