మేకపిల్లకు కళ్లు తెరిచిన రోజు

శిరివెళ్ల బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, ఆళ్లగడ్డ బస్సెక్కి తప్పిపోయిన మేకపిల్ల మీద నేనొక కథ రాశాను. ఆ కథ ఇప్పుడు రంగుల్లో, గట్టి అట్టతో మళ్లీ అచ్చయింది. నంద్యాల పుస్తకాల షాపులో ముందు వరసలో పెట్టారు. రోజూ ఏదో వంకతో ఆ దారిన పోయి చూసుకుంటున్నాను. గర్వమంటే గర్వమే, దాచుకోవడం దేనికి?

మొదటి అచ్చు మాత్రం ఇంత దర్జాగా జరగలేదు. బొమ్మలు గీసింది ఆళ్లగడ్డ శిల్పి ఒకాయన, జీవితమంతా దేవుళ్లను చెక్కిన మనిషి. నేను అడగ్గానే రాతిపొడి అంటిన చేతులు పంచెకు తుడుచుకుని ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి బొమ్మలన్నీ నా చేతిలో పెట్టాడు. మేకపిల్ల, కండక్టరు, బుట్టలో కోడిని పెట్టుకున్న అవ్వ, అందరూ ప్రాణమున్నట్లే ఉన్నారు. కానీ ఒక్కరికీ కంటిపాప లేదు. రెప్పల మధ్య తెల్ల కాగితం.

"అచ్చేసేనాడు నాకు చెప్పు టీచరమ్మా, వస్తా" అన్నాడు. మిషను చూడాలని ముచ్చట పడుతున్నాడనుకున్నాను. ఆ ఖాళీ కళ్లు మోడరన్ ఆర్టు కాబోలు, అడిగితే నాకు తెలియదని బయటపడుతుందని నోరు మూసుకున్నాను. నంద్యాలలో పెళ్లికార్డులు వేసే ప్రెస్సు భాయ్ మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"ఏందమ్మా, మేకకు కండ్లు ల్యావే?"

"అది ఆర్టు భాయ్, నీకు అర్థం కాదులే" అన్నాను. పరీక్షల హడావుడిలో శిల్పికి కబురు చేయడం కూడా మరిచిపోయాను.

మూడు వందల పుస్తకాలు వచ్చాయి. మెచ్చుకుంటాడని ఒకటి తీసుకుని ఆళ్లగడ్డ పోయాను. ఆయన పేజీలు తిప్పి, ఉలి కింద పెట్టేశాడు.

"కండ్లు తెరవకముందే బయటికి పంపితివా? ఏ బొమ్మకైనా అది కడపటి పని. నిలబెట్టేనాడు, నిలబెట్టే చోట చేస్తాం. అందుకే గదా పిలవమంటి!"

తిరుగు బస్సులో నా మీద నాకే ఒళ్లు మండింది. నా మొదటి పుస్తకం, కళ్లు లేని పుస్తకం. అన్నీ పాతకాగితాల వాడికి వేసేద్దామనుకున్నాను.

రెండో రోజు పొద్దున ఆయనే బడికి వచ్చాడు, సన్న కుంచె, నల్ల ఇంకు సీసా పట్టుకుని. గుళ్లో విగ్రహానికి కళ్లు తెరిచేటప్పుడు, తొలి చూపు తన ప్రతిబింబం మీదే పడాలని ఎదురుగా అద్దం పెడతారు. ఆయన అద్దం అడగలేదు.

"బిడ్డల్ని ఒక్కొక్కర్నే కూచోబెట్టమ్మా. ఇవి మొదట చూడాల్సింది వాళ్లనే."

పుస్తకాన్ని పిల్ల వైపు తిప్పి పెట్టి, పక్కనుంచి వంగి కళ్లు దిద్ది, ఆ పిల్లకే ఇచ్చేవాడు. చుట్టుపక్కల బళ్ల పిల్లలు కూడా వచ్చారు. నాలుగు రోజులు పట్టింది. ఏ రెండు పుస్తకాల్లోనూ మేకపిల్ల చూపు ఒకలా లేదు.

నేను సిగ్గుతో ఆయన కంట పడకుండా తిరిగాను. చివరికి ఒక్క పుస్తకం మిగిలింది.

"యాడికి పోతాండావ్ టీచరమ్మా? కూచో."

ఒకటో తరగతి పిల్లలా ఆయన ముందు కూర్చున్నాను. రెండు చుక్కలు పెట్టాడు. మేకపిల్ల నన్ను చూసింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఈసారి రంగుల అచ్చుకు పట్నం ప్రచురణకర్తలు అసలు బొమ్మలు అడిగారు. వాటికి ఇప్పటికీ కళ్లు లేవు. "మా ఆర్టిస్టుతో పెట్టించేస్తాం లెండి" అన్నారు ఫోన్లో. అలాగైతే పుస్తకమే వద్దు పొమ్మన్నాను. వాళ్లు తగ్గాక, ఎవరికీ ఇవ్వని నా కాపీ పంపాను. దానిలోంచే కళ్లు తీసుకున్నారు.

ఇప్పుడు ఏ ఊళ్లో ఏ బిడ్డ ఆ పుస్తకం తెరిచినా, మేకపిల్ల చూసే చూపు ఆ రోజు నన్ను చూసిన చూపే.