చెరువు వాలు మీద గుర్తు

ఆ గుర్తు మాస్టారు పడిపోయిన తర్వాత వేశాను. పడకముందు అక్కడ ఏ గుర్తూ లేదు. ఈ రెండు మాటలు బయటికి రావడానికి నాకు పదహారు నెలలు పట్టింది.

మాది చల్లపల్లి దగ్గర పల్లె. అక్కడ నేలంతా బల్లపరుపు. వాలు అంటే మాకు తెలిసింది వంతెన దిగడం ఒక్కటే. విజయవాడ వచ్చి మోటారు పంపుల షాపు పెట్టుకున్నాను. షుగరు మొదలవుతోందని డాక్టరు చెబితే, నలభై ఏడో ఏట సైకిలు కొన్నాను. బజార్లో తొక్కబోతే లారీలు, ఆటోలు పక్కనుంచి రాసుకుంటూ పోయేవి. అలాంటప్పుడు మాస్టారు పరిచయమయ్యారు. భవానీపురంలో మా వెనక వీధి ఆయనది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆయనే నన్ను కొండపల్లి గుట్టల వైపు తీసుకెళ్ళారు.

ఇబ్రహీంపట్నం దాటి పెద్ద రోడ్డు వదిలేస్తే అటంతా గ్రావెల్ బాటలు. ఒక్క బండి కూడా ఎదురు రాదు. ఒక గుట్ట ఎక్కి దిగితే చెరువు వస్తుంది. ఇంకో గుట్ట ఎక్కితే దూరంగా కృష్ణ కనిపిస్తుంది. లావు టైర్ల కింద కంకర నలిగే చప్పుడు, మన ఊపిరి చప్పుడు, అంతే. ఆదివారం తెల్లవారాక అయిదుగురం బయలుదేరి ఎండ ముదరకముందే ఇంటికి చేరేవాళ్ళం.

మాకొక పద్ధతి ఉండేది. మాస్టారు పెట్టిందే. ప్రతి వారం ఒకరి వంతు. వంతు వచ్చినవాడు శనివారం ఒంటరిగా దారంతా తొక్కి చూసి రావాలి. మలుపు దగ్గర ముగ్గు పిండితో బాణం వెయ్యాలి. గొయ్యి, కోత, వదులు రాయి ఉన్నచోట ఇంటూ గుర్తు పెట్టాలి. గుర్తు లేని వాలులో బ్రేకు మీద వేలు వెయ్యక్కర్లేదని మా మాట. ఆదివారం దారి చూసినవాడు అందరికంటే వెనక రావాలి, వెనకబడ్డవాళ్ళని కలుపుకుని. మా ఇంట్లో ముగ్గు పిండి డబ్బా ఖాళీ అవుతోందని మా ఆవిడ గొడవ పెట్టేది. నా బాణాలు వంకర టింకరగా ఉంటాయని మాస్టారు వేళాకోళం చేసేవారు. "షావుకారు గారూ, ధనుర్మాసం రాకముందే మొదలెట్టారే" అనేవారు.

ఆ శనివారం నా వంతు. అంతకు రెండు రోజుల ముందు పెద్ద వాన పడింది. నేను చెరువు కట్ట దాకా అన్ని గుర్తులూ పెట్టాను. కట్ట దాటాక ఒక పొడవాటి వాలు ఉంది, కిందికి వెళితే మళ్ళీ అంతా ఎక్కి రావాలి. ఎండ మాడ్చేస్తోంది. పై నుంచి చూస్తే దారి శుభ్రంగానే ఉంది. పోయిన ఆదివారం దిగిన వాలే కదా, ఇంతలో ఏమవుతుంది అనుకున్నాను. నేను పుట్టిన చోట వాన పడితే నీళ్ళు నిలుస్తాయి, బురదవుతుంది, రెండు ఎండలకు గట్టిపడుతుంది. గుట్టల్లో నీళ్ళు నిలవవని, పరుగెత్తుతాయని, పరుగెత్తితే రోడ్డునే కోసుకుపోతాయని నా బుర్రకు తట్టలేదు. కట్ట మీద నుంచే వెనక్కి తిరిగాను. సాయంత్రం ఫోన్ చేసి అందరికీ దారంతా చూశానని చెప్పాను.

మర్నాడు చెరువు దగ్గర నీళ్ళు తాగి బయలుదేరాం. మాస్టారు ముందు, ఆ వెనక ముగ్గురు, చివర నేను. వాలు మొదట్లో ఆయన ఒకసారి కింద నేల చూసుకున్నారు. నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. గుర్తు లేదని ఆయన చేతులు వదులు చేశారు. ఆగమని అరవచ్చు. అరిస్తే నేను చూడలేదని తెలిసిపోతుంది. ఏమీ కాదులే అనుకున్నాను. అలా అనుకోవడానికి పట్టినంతసేపట్లో ఆయన మలుపు తిరిగి కనపడకుండా పోయారు.

సైకిలు రాళ్ళ మీద పడిన చప్పుడు వచ్చింది. మనిషి గొంతు రాలేదు.

ముందు ముగ్గురూ బ్రేకులు పట్టి, సైకిళ్ళు వదిలేసి కిందికి పరుగెత్తారు. నేను వాలు పైన ఒక్కడినే మిగిలాను. వీపు సంచిలో నిన్న మిగిలిన ముగ్గు పిండి పొట్లం ఉంది. ముందుగా ఆలోచించి చేశానని చెప్పలేను, ఆలోచించలేదనీ చెప్పలేను. పొట్లం విప్పి, దారి మధ్యలో ఇంటూ గుర్తు వేశాను. మరీ తెల్లగా ఉందనిపించి బూటుతో రెండుసార్లు రుద్దాను. అప్పుడు దిగాను.

నీళ్ళు కోసిన గండి మోకాలు లోతు ఉంది. మాస్టారు దానికి అవతల బోర్లా పడి ఉన్నారు. ముఖం ఒక పక్కంతా చెక్కుకుపోయింది. పిలిస్తే పలకడం లేదు. ఎవరి ఫోన్‌కీ సిగ్నల్ లేదు. ఒకతను సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాడు. ఇంకొకతను మాస్టారి ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోంది, ఆడుతోంది అని మాకు చెబుతూనే ఉన్నాడు. కొంతసేపటికి ఆయన కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, గుర్తు ఉందా అని.

ఉందండీ అన్నాను.

ఆటో కోసం పైకి వెళ్ళినవాళ్ళు గుర్తు చూశారు. మేం ముగ్గురం దాని మీద నుంచే వచ్చామా, మాకూ కనపడలేదే అని ఇద్దరు ఆశ్చర్యపోయారు. మూడో అతను మాత్రం, "నాకు కనపడిందిగా, అందుకే బ్రేకు పట్టుకున్నా. మాస్టారే దూకుడు" అన్నాడు. లేని గుర్తును చూశానన్న ఆ మనిషి వంక నేను చూడలేకపోయాను. నా అబద్ధానికి అతను సాక్షి అయిపోయాడు, పాపం, తెలియకుండానే.

కాలర్ బోన్ విరిగింది. మూడు నెలల్లో అతుక్కుంది. అక్కడితో అయిపోయిందని నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ మాస్టారిలో అతుక్కోనిది వేరే ఉంది. అంత పెద్ద గుర్తు నాకెందుకు కనపడలేదు అని ఆయన అందరినీ అడిగేవారు. ఇద్దరు కంటి డాక్టర్లకు చూపించుకున్నారు. ఇద్దరూ చూపు బాగుందన్నారు. బాగుంటే ఎందుకు కనపడలేదు, ఇది కంటిలో కాదు, లోపలెక్కడో ఉంది అనేవారు. సైకిలు మూలన పెట్టారు. తర్వాత స్కూటరు కూడా. కాలేజీకి వాళ్ళావిడ దింపేవారు. రోడ్డు దాటాలంటే పక్కన ఎవరైనా దాటేదాకా నిలబడేవారట. బోర్డు మీద తను రాసిన అంకెలు ముందు బెంచీ పిల్లల చేత చదివించుకునేవారట.

ఇవన్నీ నాకు తెలుసు. వారానికోసారి వాళ్ళింటికి వెళుతూనే ఉన్నాను. కాఫీ తాగేవాణ్ణి. వయసు కదండీ అని ఓదార్చేవాణ్ణి కూడా. ఇప్పుడు రాస్తుంటే, గుర్తు వేసినదాని కంటే ఆ ఓదార్పులకే ఎక్కువ సిగ్గుగా ఉంది. చివరికి మాస్టారితో నిజం చెప్పాక, మిగతా ముగ్గురికీ జరిగింది చెప్పాను. గుర్తు చూశానన్నతను ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.

పోయిన శీతాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళావిడ ఫోన్ చేశారు. మాస్టారు ఉద్యోగం మానేస్తానంటున్నారని, ఉత్తరం రాసి పెట్టుకున్నారని, సోమవారం ప్రిన్సిపాల్ చేతికి ఇస్తారని చెప్పారు. నేను వెళ్ళేసరికి ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"అన్నయ్య గారూ, ఇంకా ఏడేళ్ళ సర్వీసు ఉంది. పాఠం చెప్పకపోతే ఈయన బతకరు. మీ మాటైతే వింటారు."

లోపల మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద కవరు ఉంది, దాని మీద కళ్ళజోడు. ఆయన అవసరం లేకపోయినా కళ్ళజోడు చేయించుకున్నారు. మానెయ్యడం తొందరపాటు అవుతుందేమోనని నేనేదో మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అది వదిలెయ్యండి షావుకారు గారూ. మిమ్మల్ని ఒక్కటడగాలని ఎప్పట్నించో అనుకుంటున్నా. ఆ గుర్తు ఎంత పెద్దది వేశారు?"

నా చూపు బల్ల మీది కవరు మీదికి పోయింది.

"జానెడా, మూరెడా? నేను లెక్క వేసుకుంటున్నా. జానెడైతే నా స్పీడుకి కనపడకపోవచ్చు. మూరెడైతే మాత్రం కనపడి తీరాలి. ఆ ఒక్కటి తెలిస్తే నాకు నిద్ర పడుతుంది."

జానెడు అంటే చాలు. ఆయనకు కొంత ఊరట, నాకు పూర్తిగా విముక్తి. ఆ మాట నాలిక మీదికి వచ్చింది కూడా. వాళ్ళావిడ గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడి నా నోటి వంకే చూస్తున్నారు. వంటింట్లో కుళాయి కారుతోంది. మాస్టారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు, నా జవాబు కూడా కంటితో చూడాలన్నట్టు.

"వెయ్యలేదండీ" అన్నాను.

"అంటే?"

"మీరు పడ్డాక వేశాను. శనివారం నేను ఆ వాలు దిగనే లేదు. చెరువు కట్ట మీద నుంచే వెనక్కి వచ్చేశాను. మీరు దిగేటప్పుడు అక్కడ ఏమీ లేదు. మీరు చూసింది చూసినట్టే ఉంది."

మాస్టారు నా ముఖం చూశారు. కోపం వస్తుందని ఎదురుచూశాను, వస్తే బాగుండనిపించింది. ఆయన మాత్రం ఏదో జవాబు సరిచూసుకుంటున్నట్టు పెదవులు కదిపారు.

"అయితే నేను కింద చూశాను కదా, అప్పుడు నేల ఖాళీగానే ఉందా?"

"ఖాళీగానే ఉందండీ."

"నా కళ్ళకి ఏమీ లేదన్నమాట."

"ఏమీ లేదండీ. ఎప్పుడూ లేదు."

ఆయన కళ్ళజోడు తీసేశారు. వాళ్ళావిడ గ్లాసులు బల్ల మీద పెట్టి, ఆ కవరు తీసుకుని, నా వంక చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. కూర్చుని చెప్పే మాట కాదనిపించి నేను లేచి నిలబడ్డాను. క్షమాపణ మాటలు మనసులో ఎన్నోసార్లు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"తప్పు నాది మాస్టారూ. మీరు పడడానికి కారణం నేను. లేచాక కూడా పదహారు నెలలు మిమ్మల్ని అక్కడే పడేసి ఉంచింది నేనే. నన్ను క్షమించండి."